రాజకుమారుల బొమ్మలు గీసిన చేయి.. కొండల కోసం అన్నీ వదులుకుంది! ఎవరీ రిచర్డ్ విల్సన్?

లండన్‌లో ఆయనకు పని బాగానే దొరికేది. పెద్దింటి వాళ్లు వచ్చి కుర్చీలో కూర్చుంటారు, ఆయన బొమ్మ గీస్తారు, డబ్బులు చేతికొస్తాయి. ఇంగ్లండ్‌కు కాబోయే రాజు బొమ్మను కూడా చిన్నప్పుడు ఆయనే గీశారు. అలాంటి మనిషి 36 ఏళ్ల వయసులో ఇటలీ బయల్దేరారు. వెళ్లింది పోర్ట్రెయిట్ పెయింటర్‌గా. తిరిగొచ్చింది మాత్రం వేరే మనిషిగా! ముఖాలు గీయడం పక్కన పెట్టేశారు. ఇక నుంచి కొండలు, చెరువులు, ఆకాశమే తన పని అన్నారు. ఆ ఒక్క నిర్ణయం బ్రిటన్‌కు కొత్త కళను ఇచ్చింది. ఆయనకు మాత్రం అప్పులు, అద్దె గది మిగిల్చింది.

ఆయన పేరు రిచర్డ్ విల్సన్. బ్రిటిష్ ల్యాండ్‌స్కేప్ పెయింటింగ్‌కు పితామహుడిగా కళా చరిత్రలో నిలిచిపోయిన పేరు. మరి అంత పేరున్న మనిషి బతికున్న రోజుల్లో ఎందుకు ఇబ్బంది పడ్డారు? ఇటలీలో ఆయన అసలేం చూశారు?

నాన్న నేర్పిన లాటిన్.. లండన్‌లో పట్టిన కుంచె

విల్సన్ 1714లో వేల్స్‌లోని పెనెగోస్ అనే చిన్న ఊళ్లో పుట్టారు. చుట్టూ కొండలు, వాగులు. తండ్రి చర్చిలో మతగురువు. కొడుక్కి ఆస్తులేమీ ఇవ్వలేకపోయినా చదువు మాత్రం గట్టిగా చెప్పించారు. లాటిన్ నేర్పారు. వర్జిల్, హోరేస్ లాంటి ప్రాచీన రోమన్ కవులను విల్సన్ చిన్నప్పుడే చదివేశారు. తను ఎన్నడూ చూడని ఇటలీ కొండలు, సరస్సులు, పాత గుడులు అలా ఆయన బుర్రలోకి ఎక్కేశాయి. ఈ విషయం గుర్తుపెట్టుకోండి.. తర్వాత కథంతా ఇక్కడి నుంచే నడుస్తుంది.

కుర్రాడి చేతిలో బొమ్మలు గీసే కళ ఉందని తల్లి తరఫు బంధువు సర్ జార్జ్ విన్ గమనించారు. 1729లో లండన్ తీసుకెళ్లారు. అక్కడ థామస్ రైట్ అనే పోర్ట్రెయిట్ పెయింటర్ దగ్గర పనిలో పెట్టారు. రైట్‌కు పెద్దగా పేరు లేదు. అయినా విల్సన్ ఆరేళ్లు ఆయన దగ్గరే ఉండి పని నేర్చుకున్నారు.

ఆ రోజుల్లో ఫోటోలు లేవు. పెళ్లయినా, పదవి వచ్చినా, వారసుడు పుట్టినా గుర్తుగా ఉండాలంటే బొమ్మ గీయించుకోవాల్సిందే. అందుకే పోర్ట్రెయిట్ అంటే గ్యారంటీ ఆదాయం. విల్సన్ కూడా ఆ బాటలోనే నడిచారు. 1749 ప్రాంతంలో ఇద్దరు రాజకుమారులను, వాళ్ల గురువును కలిపి గీసే పని ఆయనకు దక్కింది. అందులో ఒకరు ప్రిన్స్ జార్జ్. తర్వాత మూడో జార్జ్‌గా సింహాసనం ఎక్కిన రాజు ఆయనే. ఇలాంటి ఆర్డర్ వస్తే ఏ పెయింటర్‌కైనా పండగే.

మధ్యలో అప్పుడప్పుడూ కొన్ని దృశ్యాలు కూడా గీసేవారు. 1746లో లండన్‌లోని ఫౌండ్లింగ్ హాస్పిటల్ అనే అనాథ శరణాలయానికి రెండు గుండ్రటి చిత్రాలు కానుకగా ఇచ్చారు. రెండూ భవనాల దృశ్యాలే. కానీ అవి చిన్న ప్రయత్నాలు. ఇంటి ఖర్చులు గడిచేది మాత్రం ముఖాలతోనే.

వెనిస్‌లో ఓ కిటికీ.. అక్కడే అసలు మలుపు

1750లో విల్సన్ ఇటలీ వెళ్లారు. అప్పట్లో ఇంగ్లండ్ ధనవంతుల పిల్లలకు చదువు అయిపోగానే ఇటలీ వెళ్లి రావడం ఓ ఆనవాయితీ. దాన్ని గ్రాండ్ టూర్ అనేవారు. రోమ్ శిథిలాలు చూడాలి, విగ్రహాలు చూడాలి, గుర్తుగా నాలుగు పెయింటింగులు కొనుక్కుని రావాలి. వాళ్ల వెనకే కళాకారులూ వెళ్లేవారు. నేర్చుకోవడానికి కొందరు, అమ్ముకోవడానికి కొందరు. విల్సన్‌కు రెండూ కావాలి.

ముందు వెనిస్‌లో దిగారు. దాదాపు ఏడాది అక్కడే ఉన్నారు. అక్కడ ఫ్రాన్సెస్కో జుకారెల్లి అనే ఇటాలియన్ పెయింటర్‌తో స్నేహం కుదిరింది. జుకారెల్లి స్పెషాలిటీ ల్యాండ్‌స్కేపులు. పచ్చిక మైదానాలు, నవ్వే పశువుల కాపరులు, లేత రంగులు.. చూడగానే హాయిగా ఉండే బొమ్మలు.

వీళ్లిద్దరి గురించి ఓ కథ బాగా ప్రచారంలో ఉంది. ఒకరోజు విల్సన్ జుకారెల్లి ఇంటికి వెళ్లారట. ఆయన ఇంట్లో లేరు. ఎదురుచూస్తూ ఊరికే కూర్చోలేక, కిటికీలోంచి కనిపిస్తున్న దృశ్యాన్ని గీశారట. జుకారెల్లి వచ్చి చూసి ఆశ్చర్యపోయారట. ఎప్పుడైనా ల్యాండ్‌స్కేపులు నేర్చుకున్నావా అని ఆరా తీశారట. లేదని తెలిశాక, ఇక ముఖాలు వదిలేసి ఇదే పని పట్టుకోమని గట్టిగా సలహా ఇచ్చారట.

ఈ కథ ఎంతవరకు నిజమన్నది అలా ఉంచితే, వాళ్ల స్నేహం మాత్రం నిజం. 1751లో విల్సన్ గీసిన జుకారెల్లి పోర్ట్రెయిట్ ఇప్పటికీ లండన్‌లోని టేట్ గ్యాలరీ దగ్గర ఉంది. అయితే ఈ జుకారెల్లి పేరు మర్చిపోవద్దు. కథలో మళ్లీ వస్తారు. ఈసారి స్నేహితుడిగా కాదు.. పోటీదారుగా!

రోమ్‌లో కళ్లు తెరుచుకున్నాయి

1752 మొదట్లో విల్సన్ రోమ్‌లో ఉన్నారు. విదేశీ కళాకారులంతా చేరే పియాజ్జా డి స్పాన్యా ప్రాంతంలో బస. అక్కడ ఫ్రెంచ్ పెయింటర్ క్లోడ్ జోసెఫ్ వెర్నే పరిచయమయ్యారు. సముద్ర దృశ్యాలు గీయడంలో వెర్నేకు యూరప్ అంతా పేరుంది. అలాంటి ఆయన విల్సన్ చిత్రం చూసి ముచ్చటపడ్డారు. తన చిత్రం ఒకటి ఇచ్చి, విల్సన్ చిత్రం తీసుకున్నారని చెబుతారు. అంతేకాదు, దాన్ని తన స్టూడియోలో పెట్టి, వచ్చిన ఇంగ్లిష్ వాళ్లకు మీ దేశంవాడే ఇంత బాగా గీస్తున్నాడని చూపించేవారట. జర్మన్ పెయింటర్ ఆంటన్ రాఫెల్ మెంగ్స్ అయితే ఓ ల్యాండ్‌స్కేప్ తీసుకుని, బదులుగా విల్సన్ పోర్ట్రెయిట్ గీసిచ్చారు. ఆ బొమ్మ ఇప్పుడు వేల్స్ నేషనల్ మ్యూజియంలో ఉంది.

తోటి పెయింటర్లు మెచ్చుకుంటే ఎవరికైనా ధైర్యం వస్తుంది. విల్సన్‌కూ వచ్చింది. ఇక వెనక్కి చూడలేదు.

రోమ్ చుట్టుపక్కల ఊళ్లు తిరగడం మొదలుపెట్టారు. తివోలీ జలపాతాలు, నేమీ సరస్సు, అల్బానో కొండలు, కాంపాన్యా మైదానంలో కూలిపోయిన సమాధులు, నీటి కాలువల వంతెనలు. నేపుల్స్ వైపు వెళ్లి అవెర్నస్ సరస్సు చూశారు. ప్రాచీన రోమన్ల నమ్మకం ప్రకారం పాతాళానికి దారి అక్కడే. చిన్నప్పుడు నాన్న దగ్గర పుస్తకాల్లో చదివిన చోట్లన్నీ ఇప్పుడు కళ్ల ముందున్నాయి! టూర్‌కి వచ్చినవాళ్లకు అవి పాత రాళ్లు. విల్సన్‌కు మాత్రం బాగా తెలిసిన ఊళ్లు. ఒక్కటే తేడా, మొదటిసారి చూస్తున్నారు.

తెర్ని జలపాతం దగ్గర జరిగిన సంగతి కూడా చెబుతారు. దాన్ని చూసి కాసేపు నోట మాట రాలేదట. తర్వాత, పనివాడిని మెచ్చుకున్నట్టుగా ఆ నీళ్లనే భళా అని మెచ్చుకున్నారట.

68 డ్రాయింగులు.. ఓ కుర్ర ప్రభువు

ఇటలీలో విల్సన్‌కు దొరికిన పెద్ద ఆర్డర్ డార్ట్‌మత్ ప్రభువుది. గ్రాండ్ టూర్‌కి వచ్చిన ఈ కుర్ర ప్రభువుకు విల్సన్ రెండు పెద్ద ఆయిల్ పెయింటింగులు గీశారు. ఒకటి జానికులం గుట్ట మీది నుంచి కనిపించే సెయింట్ పీటర్స్ చర్చి, వాటికన్. రెండోది మొల్లే వంతెన వైపు నుంచి కనిపించే రోమ్ నగరం. వీటితో పాటు రోమ్ పరిసరాలపై ఏకంగా 68 డ్రాయింగులు చేశారు. నల్ల చాక్, తెల్ల చాక్.. అంతే. రంగుల్లేవు. ముదురు చోట నలుపు, వెలుగు పడిన చోట తెలుపు, మిగతాదంతా కాగితం రంగు. అందులో కొన్నే ఇప్పుడు మిగిలాయి. కానీ అవి చూసినవాళ్లకు ఒకటి అర్థమవుతుంది. విల్సన్ చెట్టును, గోడను విడివిడిగా గీయడం లేదు. వాటి మీద పడుతున్న వెలుగును గీస్తున్నారు.

ఇదే ఇటలీ ఆయనకు నేర్పిన పాఠం. ఆయనకు దాదాపు వందేళ్ల ముందు క్లోడ్ లొర్రేన్ అనే ఫ్రెంచ్ పెయింటర్ రోమ్‌లోనే ఉండి ఓ పద్ధతి తయారుచేశారు. ముందు వైపు ఓ పక్క నల్లగా, ఎత్తుగా చెట్టు. మధ్యలో నీళ్లు. వెనకాల దూరంగా కొండలు. అన్నిటికన్నా వెనక బంగారు రంగు వెలుగు. చూసేవాడి కన్ను చీకటిలో మొదలై, నీటి మీదుగా జారి, వెలుగులోకి చేరుతుంది. చిత్రం చదునైన గుడ్డే అయినా, మైళ్ల దూరం కనిపిస్తున్నట్టు ఉంటుంది.

విల్సన్ ఆ పద్ధతిని ఔపోసన పట్టారు. కానీ కాపీ కొట్టలేదు. ఇంకా తేలిక చేశారు. అక్కర్లేని వివరాలు తీసేశారు. పెద్ద పెద్ద ఆకారాలు, విశాలమైన ఆకాశం, నిశ్చలమైన నీరు, మూలన ఇద్దరు ముగ్గురు చిన్న మనుషులు. ఆయన చిత్రాల ముందు నిలబడితే సాయంత్రం పూట ఊరి చెరువు గట్టు మీద కూర్చున్న నిశ్శబ్దం ఉంటుంది.

లండన్‌లో హిట్.. డబ్బులు మాత్రం వేరేవాళ్లకు

దాదాపు ఏడేళ్ల తర్వాత విల్సన్ లండన్ తిరిగొచ్చారు. కావెంట్ గార్డెన్‌లో స్టూడియో పెట్టారు. ఇటలీ నుంచి వచ్చిన పెయింటర్ అంటే మొదట్లో బాగానే క్రేజ్. శిష్యులు చేరారు. ఆర్డర్లు వచ్చాయి.

1760లో లండన్‌లో ఓ కొత్త సంగతి జరిగింది. బతికున్న బ్రిటిష్ కళాకారులంతా కలిసి జనం చూసేలా ఎగ్జిబిషన్ పెట్టారు. అందులో విల్సన్ నియోబీ పిల్లల సంహారం చిత్రాన్ని ఉంచారు. గ్రీకు పురాణంలో నియోబీ ఓ రాణి. తనకు చాలామంది పిల్లలున్నారని గర్వపడి దేవతను ఎగతాళి చేస్తుంది. ఆ దేవత పిల్లలైన అపోలో, డయానా ఆమె బిడ్డలందరినీ బాణాలతో చంపేస్తారు. ఈ కథను మిగతావాళ్లయితే మనుషులను పెద్దగా పెట్టి గీసేవారు. విల్సన్ మాత్రం తుఫానుకు వంగిపోతున్న చెట్లు, విరుచుకుపడే మబ్బులు, నురగలు కక్కే నీళ్లు పెద్దగా గీశారు. మనుషులు ఆ బీభత్సంలో చిన్నగా కనిపిస్తారు. తల్లి ఏడుపు ముఖంలో కాదు, ఆకాశంలో వినిపిస్తుంది.

చిత్రం సంచలనం అయింది. రాజకుటుంబానికి చెందిన కంబర్లాండ్ డ్యూక్ దగ్గరకు చేరింది. అసలు ట్విస్ట్ తర్వాత ఉంది. జాన్ బోయ్‌డెల్ అనే ప్రింట్ల వ్యాపారి కన్ను దీనిపై పడింది. విలియం వూలెట్ అనే చెక్కడం పనివాడికి ఇచ్చి, రాగి రేకు మీద ఈ చిత్రాన్ని చెక్కించారు. ఆ పనికి వూలెట్‌కు ఇచ్చింది సుమారు 100 పౌండ్లు. అప్పటి రేట్లకు అది కళ్లు తిరిగే మొత్తం. 1761లో బయటకొచ్చిన ఆ ప్రింట్లు ఇంగ్లండ్‌లోనే కాదు, ఫ్రాన్స్‌లోనూ అమ్ముడుపోయాయి. అప్పటివరకు ప్రింట్లంటే ఫ్రాన్స్ నుంచి ఇంగ్లండ్‌కు రావడమే. ఇప్పుడు సీన్ రివర్స్! బోయ్‌డెల్ దశ తిరిగింది. వూలెట్ పేరు మార్మోగింది.

మరి చిత్రం గీసిన విల్సన్? పేరు వచ్చింది. ప్రింట్ల మీద వచ్చిన సంపద మాత్రం ఆయన గుమ్మం తొక్కలేదు.

స్నేహితుడే పోటీ అయ్యాడు

ఇక్కడ జుకారెల్లి మళ్లీ వస్తారు. వెనిస్‌లో విల్సన్‌ను ల్యాండ్‌స్కేపుల వైపు తిప్పిన ఆ పెయింటర్ 1752లోనే లండన్ వచ్చేశారు. ఆయన తీపి తీపి దృశ్యాలంటే ఇంగ్లండ్ ధనవంతులు పడిచచ్చేవారు. రాజు మూడో జార్జ్‌కు కూడా ఆయన చిత్రాలంటే ఇష్టం. విల్సన్ చిత్రాల్లో గంభీరత ఉంటుంది, కుంచె గీతలు దట్టంగా, కరుకుగా ఉంటాయి. డ్రాయింగ్ రూమ్‌లో వేలాడదీసుకోవడానికి జనం జుకారెల్లి వైపే మొగ్గారు.

తోటి కళాకారులు కొందరు విల్సన్‌కు నచ్చజెప్పాలని చూశారని చెబుతారు. కాస్త జుకారెల్లిలా లేతగా, అందంగా గీస్తే కష్టాలు తీరతాయి కదా అన్నది వాళ్ల సలహా. విల్సన్ ఆ సలహా విని మండిపడ్డారట. మార్చేది లేదన్నారట.

రాజు గారి కథ ఇంకా ఫేమస్. థేమ్స్ నది ఒడ్డున ఉన్న సయన్ హౌస్ దృశ్యాన్ని విల్సన్ రాజు కోసం గీశారట. ధర 60 గినీలు. మధ్యవర్తిగా ఉన్న లార్డ్ బ్యూట్‌కు అది ఎక్కువ అనిపించిందట. విల్సన్ ఊరుకుంటారా? రాజు గారికి ఒకేసారి ఇవ్వడం కష్టమైతే వాయిదాల్లో ఇచ్చినా పర్లేదని చెప్పి పంపారట! అంతే.. రాజభవనం తలుపు ఆయనకు మూసుకుపోయిందంటారు. ఇది ఎంత నిజమో కానీ, విల్సన్ నోటి దురుసు గురించి అప్పటివాళ్లు చెప్పుకున్న కథలన్నీ ఇలాగే ఉంటాయి.

1768లో రాయల్ అకాడమీ ఏర్పడింది. వ్యవస్థాపక సభ్యుల్లో విల్సన్ ఒకరు. జుకారెల్లి కూడా! ప్రెసిడెంట్ జాషువా రేనాల్డ్స్. ఆయన పోర్ట్రెయిట్లకు రారాజు. అంటే విల్సన్ వదిలేసిన రంగంలో శిఖరం మీదున్న మనిషి. ఇద్దరికీ పడేది కాదు. ఓ విందులో రేనాల్డ్స్, విల్సన్ వినేలా గెయిన్స్‌బరోనే దేశంలో గొప్ప ల్యాండ్‌స్కేప్ పెయింటర్ అని పొగిడారట. వెంటనే విల్సన్ అందుకుని, పోర్ట్రెయిట్లలో కూడా ఆయనే గొప్ప అని తిప్పికొట్టారట. విల్సన్ చనిపోయిన ఆరేళ్లకు, 1788లో చేసిన ఉపన్యాసంలో కూడా రేనాల్డ్స్ నియోబీ చిత్రాన్ని వేలెత్తి చూపించారు. మామూలు నేల, మామూలు మబ్బుల మధ్య దేవుళ్లను పెడితే అతకదన్నది ఆయన వాదన.

ఇటలీ కళ్లద్దాలతో సొంతూరు

డబ్బుల సంగతి అలా ఉండగా, విల్సన్ జీవితంలో అన్నిటికన్నా పెద్ద పని ఈ రోజుల్లోనే జరిగింది. ఆయన మళ్లీ వేల్స్ వైపు చూశారు.

అప్పట్లో లండన్ జనాలకు వేల్స్ కొండలంటే అందం కాదు, అడ్డంకి. రోడ్లు సరిగా ఉండవు, ఎప్పుడూ వాన, ఎటు చూసినా రాళ్లు. అందం చూడాలంటే ఇటలీ వెళ్లాలన్నది అందరి నమ్మకం. తివోలీలో, నేమీలో నేర్చుకున్న ఆ వెలుగును, ఆ నిశ్శబ్దాన్ని విల్సన్ ఇప్పుడు స్నోడన్ పర్వతం మీద, డీ నది మీద, కెర్నార్‌ఫన్ కోట మీద పరిచారు.

1760ల మధ్యలో గీసిన నాంట్లే సరస్సు నుంచి స్నోడన్ చిత్రం చూడండి. ముందు గట్టు మీద చేపలు పట్టేవాళ్లు. మధ్యలో అద్దంలా కదలని నీళ్లు. రెండు వైపులా నల్లటి కొండ వాలు. ఆ మధ్యలోంచి ఆకాశాన్ని తాకుతూ స్నోడన్ శిఖరం. అసలు ఆ చోటు అంత కుదురుగా ఉండదు. విల్సన్ కొండలను కొంచెం సర్ది, రెండు వైపులా సమానంగా తూచినట్టు పెట్టారు. రోమ్‌లో పాత గుడి ఉండాల్సిన చోట ఇక్కడ కొండ నిలబడింది. గుడికి ఇచ్చిన గౌరవమే కొండకూ ఇచ్చారు.

కాడెర్ ఇడ్రిస్ కొండ మీద కావ్ సరస్సు చిత్రం ఇంకో అడుగు ముందుకెళ్లింది. ఇందులో చెట్టు లేదు, శిథిలం లేదు, పురాణ కథ లేదు. గిన్నెలా కొండ, అందులో నీళ్లు, అంచున చీమల్లా కొందరు మనుషులు. ఇలాంటి బోడి కొండను చిత్రంగా గీసి, గోడకు వేలాడదీసుకోవచ్చని అప్పట్లో ఎవరూ అనుకోలేదు. తర్వాతి కాలంలో టూరిస్టులు ఇవే కొండలను వెతుక్కుంటూ వచ్చారు.

శిష్యుడు మద్రాసులో దిగాడు

విల్సన్ స్టూడియోలో చేరినవాళ్లకు వెంటనే రంగులు ముట్టుకునే అవకాశం ఉండేది కాదు. ముందు నల్ల చాక్, తెల్ల చాక్‌తో రంగు కాగితం మీద గీయాలి. వెలుగు, నీడ పట్టుబడ్డాకే రంగులు. 1763లో చేరిన వేల్స్ కుర్రాడు థామస్ జోన్స్ ఈ శిక్షణ గురించి తన జ్ఞాపకాల్లో రాసుకున్నారు. ఆయన కూడా తర్వాత ఇటలీ వెళ్లారు. నేపుల్స్‌లో ఇళ్ల గోడలు, కిటికీలు గీసిన ఆయన చిన్న చిత్రాలు ఇప్పుడు చాలా ప్రసిద్ధి.

మరో శిష్యుడి కథ మన దేశానికి తగులుతుంది. ఆయన పేరు విలియం హాడ్జెస్. కెప్టెన్ కుక్ రెండో సముద్రయాత్రలో చిత్రకారుడిగా వెళ్లి 1772 నుంచి 1775 వరకు పసిఫిక్ దీవులు గీశారు. 1780లో ఓడెక్కి మద్రాసులో దిగారు. సరిగ్గా అదే సమయంలో హైదర్ అలీ సేనలు కర్ణాటక ప్రాంతంపై విరుచుకుపడ్డాయి. మద్రాసు దాటి లోపలికి వెళ్లే పరిస్థితి లేదు. తర్వాత కలకత్తా చేరి, గవర్నర్ జనరల్ వారన్ హేస్టింగ్స్ అండతో గంగా తీరం వెంట ఊళ్లు, కోటలు, సమాధులు గీశారు. వృత్తిగా ల్యాండ్‌స్కేపులు గీసే బ్రిటిష్ పెయింటర్ భారత్‌కు రావడం అదే మొదటిసారి. ఆ చిత్రాల్లో పక్కన నల్లటి చెట్టు, మధ్యలో నీళ్లు, వెనక వెలుగు చూస్తే ఆ పాఠం ఎక్కడిదో ఇట్టే తెలిసిపోతుంది.

అద్దె గది.. చివరి రోజులు

1770ల్లో విల్సన్ పరిస్థితి దిగజారింది. కొనేవాళ్లు తగ్గారు. ఉన్న అలవాటు ముదిరింది.. తాగుడు. ఎర్రబడ్డ ముక్కు ఆయన గుర్తుగా మారింది. అమ్ముడుపోయే చిత్రాలకు మళ్లీ మళ్లీ కాపీలు గీశారు. తెల్ల సన్యాసి పేరుతో పిలిచే ఇటలీ దృశ్యానికైతే పదుల సంఖ్యలో కాపీలున్నాయి. ఇల్లు గడవాలి మరి!

ఓ చిత్రాన్ని కుండెడు బీరు, మిగిలిన జున్ను ముక్క కోసం గీసిచ్చారని చెబుతారు. తాకట్టు వ్యాపారి ఒకరు, ఇప్పటికే కొన్నవి అమ్ముడుపోక అటక మీద పేరుకుపోయాయని చూపించి, ఇక కొనలేనన్నారనే కథా ఉంది. చివరికి మిగిలింది లండన్ టాటెన్‌హామ్ స్ట్రీట్‌లో అద్దె గది.

1776లో రాయల్ అకాడమీ ఆయనకు లైబ్రేరియన్ ఉద్యోగం ఇచ్చింది. ఏడాదికి 50 పౌండ్లు. ఆ కొద్ది జీతమే ఆయన్ను పస్తుల నుంచి కాపాడింది.

1781లో ఆరోగ్యం పూర్తిగా పాడయ్యాక లండన్ వదిలేశారు. వేల్స్‌లోని మోల్డ్ పట్టణానికి దగ్గర్లో కొలోమెండీలో ఉన్న బంధువు క్యాథరిన్ జోన్స్ ఇంటికి చేరారు. చుట్టూ మళ్లీ కొండలు, వాగులు. ఓరోజు కుక్కను తీసుకుని నడకకు వెళ్లి, దారిలో కూలబడిపోయారట. ఆ కుక్కే ఇంటికి పరిగెత్తి, పనివాళ్ల బట్టలు పట్టి లాగి, వాళ్లను ఆయన దగ్గరకు తీసుకొచ్చిందని చెబుతారు. 1782 మే నెలలో విల్సన్ కన్నుమూశారు. మోల్డ్ సెయింట్ మేరీ చర్చి దగ్గర ఖననం చేశారు.

పోయాక తెరుచుకున్న తలుపులు

విల్సన్ పోయిన 16 ఏళ్లకు, 1798లో ఓ 23 ఏళ్ల పెయింటర్ వేల్స్ టూర్‌లో పనిగట్టుకుని విల్సన్ పుట్టిన ఊరు చూడటానికి వెళ్లాడు. ఆ కుర్రాడు జె.ఎం.డబ్ల్యూ. టర్నర్! దాదాపు అదే సమయంలో టర్నర్ అవెర్నస్ సరస్సు చిత్రం గీశారు. అప్పటికి ఆయన ఇటలీ వెళ్లనే లేదు. మరి ఆ ఇటలీ వెలుగు ఎక్కడి నుంచి వచ్చింది? విల్సన్ చిత్రాల్లోంచే. తర్వాత జాన్ కాన్‌స్టబుల్ కూడా విల్సన్ చిత్రం ఒకటి చూసి, అది కలలా వెంటాడుతోందన్న అర్థంలో స్నేహితుడికి ఉత్తరం రాశారు. బ్రిటన్ గర్వంగా చెప్పుకునే ఇద్దరు ల్యాండ్‌స్కేప్ దిగ్గజాలూ ఆయన దారిలో నడిచినవాళ్లే.

1814లో లండన్‌లోని బ్రిటిష్ ఇన్‌స్టిట్యూషన్ పాత తరం కళాకారులకు ఎగ్జిబిషన్ పెట్టింది. హోగార్త్, గెయిన్స్‌బరో, జోఫానీల పక్కన విల్సన్‌కు చోటిచ్చింది. బతికుండగా బేరాలాడిన జాతి, పోయాక గోడ నిండా వేలాడదీసింది. ఆయన పుట్టి 300 ఏళ్లయిన సందర్భంగా 2014లో అమెరికాలోని యేల్ విశ్వవిద్యాలయ కళా కేంద్రం, వేల్స్ నేషనల్ మ్యూజియం కలిసి భారీ ప్రదర్శన నిర్వహించాయి. జుకారెల్లి చిత్రాలూ మ్యూజియాల్లో ఉన్నాయి. కానీ ఓ దేశం తన కొండలను చూసే చూపును మార్చిన పేరు మాత్రం విల్సన్‌దే.

పోర్ట్రెయిట్లే గీస్తూ ఉంటే విల్సన్ హాయిగా బతికేవారేమో. జుకారెల్లిలా గీయమన్నప్పుడు ఒప్పుకున్నా గట్టెక్కేవారేమో. రెండూ చేయలేదు. ఈరోజు స్నోడన్ దగ్గర సరస్సు గట్టున నిలబడి ఫోన్ తీసి, ముందు నీళ్లు, వెనక శిఖరం వచ్చేలా ఫ్రేమ్ సెట్ చేసుకునే టూరిస్టుల్లో చాలామందికి ఆయన పేరు తెలియదు. కానీ ఆ ఫ్రేమ్‌ను రెండున్నర శతాబ్దాల కిందటే ఒకాయన సెట్ చేసి పెట్టారు. ఆ వెలుగును పట్టుకోవడం నేర్చుకోవడానికి ఇటలీ దాకా వెళ్లి, మళ్లీ ఇంటికే తెచ్చారు.